పప్పు పలచబడేది ఎక్కడ

చిత్తూరు చుట్టుపక్కల ఏదో ఒక సర్కారు బడి, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 80 మంది పిల్లలు అనుకుందాం. ఈ 80 మందికి మధ్యాహ్న భోజన పథకం కింద ఒక పూట పప్పు, కూరగాయలు, నూనె, తాలింపు సామాను, గ్యాసు అన్నీ కలిపి కేంద్రం ఖరారు చేసిన రేటు ప్రకారం వచ్చే డబ్బు సుమారు 542 రూపాయలు. 2025 మే 1 నుంచి ప్రైమరీ పిల్లలకు తలకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది చదివేవాళ్ళకు 10 రూపాయల 17 పైసలు. దీంట్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. బియ్యం ఈ లెక్కలోకి రావు, అవి విడిగా వస్తాయి. మన రాష్ట్రంలో కోడిగుడ్డు, చిక్కీ కూడా విడిగానే వస్తాయి. బడిలో ఉచితంగా అన్నం పెట్టడం గురించి ఎవరు మాట్లాడినా బియ్యం గురించో, మెనూ గురించో, పథకానికి పెట్టిన పేరు గురించో మాట్లాడతారు గానీ పిల్లాడి ఒంటికి పట్టేది ఎంత అనేది చాలామటుకు తేలేది ఈ 542 రూపాయల దగ్గరే.

లెక్క వేసి చూద్దాం. నిబంధన ప్రకారం ప్రైమరీ పిల్లలకు ఒక్కొక్కరికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పడాలి. 80 మందికి అంటే కిలో 600 గ్రాముల పప్పు, 4 కిలోల కూరగాయలు, 400 గ్రాముల నూనె. కందిపప్పు కిలో 120 అనుకుంటే 192 రూపాయలు, కూరగాయలు కిలో 40 చొప్పున 160, నూనె ఒక 60. మొత్తం 412. ఇక మిగిలింది 130. ఉప్పు, మిరప్పొడి, చింతపండు, ఎర్రగడ్డలు, ఆవాలు, కరివేపాకు, వీటన్నిటితో పాటు గ్యాసు సిలిండరు ఖర్చు కూడా ఆ 130లోనే సర్దాలి. ధరలన్నీ మామూలుగా ఉన్న రోజున ఎలాగోలా సరిపోతుంది. పండగ మరుసటి రోజు 60 మందే వచ్చారనుకోండి, డబ్బు 407కు పడిపోతుంది, గ్యాసు మాత్రం అంతే కాలుతుంది. ఇక 15 మంది పిల్లలున్న బడి అయితే రోజుకు వచ్చేది 102 రూపాయలు. ఒక కుటుంబం కూరాకు తెచ్చుకునే డబ్బుతో 15 మందికి వండమంటున్నాం. మన పల్లెల్లో ఇలాంటి చిన్న బడులు తక్కువేమీ లేవు, వాటికి కూడా తలకింత అనే లెక్కే తప్ప బడికి ఇంత అని కనీస మొత్తం ఒకటి ఉండదు. ఇది సరిచేయడం పెద్ద కష్టం కూడా కాదు, ఎందుకు చేయరో అర్థం కాదు.

ధరలు పెరిగినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి మదనపల్లె టమోటా కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2023 జులై చివర్లో అదే మార్కెట్లో మేలురకం టమోటా కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. అదే టమోటా ఇంకో సీజన్లో కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసిపోతారు. మార్కెట్ రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పిల్లలకిచ్చే రేటు మాత్రం ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి పైసల్లో పెరుగుతుంది. మెనూలో టమోటా పప్పు అని ఉంటే ఆ రోజు టమోటా పప్పు చేయాల్సిందే, కాబట్టి నాలుగు కాయలు తక్కువేసి చింతపండు ఎక్కువ పిసుకుతారు, పప్పు ఒక గిద్దె తగ్గించి నీళ్ళు పోస్తారు. పప్పు పలచబడేది అక్కడ. వండే మనిషికి వండడం రాక కాదు, దొంగతనం కూడా కాదు, చేతిలో ఉన్నదాన్ని 80 గిన్నెలకు పంచాలి మరి.

పైగా ఆ 542 రూపాయలు ఆ రోజు పొద్దునే చేతికి రావు. వండి పెట్టి, లెక్క రాసి, యాప్‌లో ఎక్కించి, బిల్లు పెట్టాక ఎప్పటికో వస్తాయి. అప్పటిదాకా సామాను తెచ్చేది వంట ఏజెన్సీ వాళ్ళే. ఏజెన్సీ అంటే పెద్ద కంపెనీ ఏదో అనుకునేరు, ఊళ్ళో డ్వాక్రా సంఘంలో ఉండే ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు. ఊరి కిరాణా కొట్లో వాళ్ళ పేరు మీద ఖాతా ఉంటుంది. బిల్లులు రెండు నెలలు, మూడు నెలలు ఆలస్యం అవుతున్నాయనేది ఏ ప్రభుత్వం ఉన్నా వంట కార్మికులు ధర్నాల్లో చెప్పుకునే పాత గోడే. ఖాతా పెరిగేకొద్దీ కొట్టతను మంచి పప్పు లోపల దాచుకుని నాసిరకం చూపిస్తాడు, అప్పు అడిగేవాళ్ళకు ఎంచుకునే హక్కు ఉండదు గదా. కొంతమంది మెళ్ళో ఉన్నది తాకట్టు పెట్టి నడుపుతారు. నిజానికి ఇక్కడ జరుగుతున్నది ఏమిటంటే, పిల్లలకు అన్నం పెట్టడానికి ప్రభుత్వం వంటమనిషి దగ్గర వడ్డీ లేకుండా అప్పు తీసుకుంటోంది.

ఇంతా చేస్తే ఆ మనిషికి గౌరవ వేతనం నెలకు 3 వేలు. కేంద్రం 2009లో నెలకు వెయ్యి అని పెట్టింది, దాని మీద రాష్ట్రం తన డబ్బు కలిపి 3 వేలు ఇస్తోంది. నెలకు 24 రోజులు వేసుకున్నా రోజుకు 125 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి బియ్యం ఏరి, కూరగాయలు తరిగి, పెద్ద దబరాలు దించి, 80 మందికి వడ్డించి, అన్నీ తోమి మధ్యాహ్నం రెండున్నరకు ఇంటికి పోయే మనిషికి మట్టి తవ్వే కూలిలో సగం కూడా రావడంలేదు. మామిడికాయల సీజన్లో చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలు ఇంతకంటే ఎక్కువ కూలి ఇచ్చి పిలుచుకుంటాయి. అయినా ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్నవాళ్ళు ఉన్నారంటే అది పిల్లల మీద మమకారమే తప్ప ఇంకొకటి కాదు. ఆ మమకారం మీద ఆనుకుని ఒక పథకాన్ని ఇన్నేళ్ళు నడపడం న్యాయం కాదు.

ఈ అన్నం మీద ఎంత ఆధారపడి ఉందో కూడా చూడాలి. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళలో 63 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువ. అంటే ఒకటో తరగతిలో చేరే నాటికే చాలామంది పిల్లలు వెనకబడి వస్తున్నారు. ఆ వెనకబాటు తర్వాత పూడుతుందా అంటే కొంత పూడుతుందనే ఆధారాలు ఉన్నాయి, అవీ మన గడ్డ మీదే దొరికాయి. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని వేల మంది పిల్లల ఎత్తు, బరువు, చదువు ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చింది, అనంతపురం, కడప పిల్లలూ అందులో ఉన్నారు. ఆ వివరాల మీద 2014లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది ఏమిటంటే, పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లలు బడి భోజనం దొరికాక ఎత్తులోనూ బరువులోనూ కోల్పోయినదాన్ని బాగా రాబట్టుకున్నారు. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం మరో తరం ముందుకు వెళ్ళింది: చిన్నప్పుడు బడిలో భోజనం అందిన ఆడపిల్లలు పెద్దయి తల్లులయ్యాక వాళ్ళ పిల్లలు మిగతావాళ్ళ కంటే ఎత్తు పెరిగారు. ఈ రోజు ఐదో తరగతి పాప తినే పప్పు ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టే బిడ్డ దాకా పోతోంది. అలాంటి చోట పైసల లెక్క ఏంటసలు!

చిత్తూరుకు ఈ విషయంలో ఒక పాత వెలితి కూడా ఉంది. ఒకప్పుడు ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు కార్పొరేషన్ బడుల్లో 1920లలోనే మధ్యాహ్నం అన్నం పెట్టారు. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండి 1956లో దాన్ని రాష్ట్రమంతా పల్లెల బడులకు తీసుకెళ్ళారు, కానీ అప్పటికి మూడేళ్ళ ముందే, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు ఇటు వచ్చేసింది. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు వైపు పోయింది. ఒకప్పుడు ఒకే జిల్లాలో పక్కపక్కనే ఉన్న ఊళ్ళలో కొందరు పిల్లలకు బడిలో అన్నం, కొందరికి లేదు. ఇక్కడ ఇప్పటిలా వేడివేడిగా వండిపెట్టడం మొదలైంది 2003 జనవరిలో. 1995 ఆగస్టు 15న దేశవ్యాప్త పథకం వచ్చినా అప్పట్లో వండేవాళ్ళు కారు, హాజరు 80 శాతం ఉంటే నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులుగా ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ బియ్యం సంచి గుర్తుండే ఉంటుంది. ఆ బియ్యం ఇంట్లో అందరి కుండలోకీ పోయేవి, పిల్లాడికి ప్రత్యేకంగా ఏమీ దక్కేది కాదు. వండే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశిస్తే తప్ప ఇది కదల్లేదు. 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఎవరి పేరున్నా పిల్లలు మాత్రం భోజనం బెల్లు అనే అంటారు.

మెనూలో అన్నిటికంటే గట్టి వస్తువు గుడ్డు. 100 గ్రాముల బియ్యంలో 7 గ్రాముల మాంసకృత్తులు, 20 గ్రాముల పప్పులో నాలుగున్నర దాకా, రెండూ కలిస్తే ప్రైమరీ పిల్లాడికి చెప్పిన 12 గ్రాముల లెక్కకు అటూఇటూగా వస్తుంది. పప్పు సగమైతే లెక్క తప్పుతుంది, పైగా బియ్యంలోని మాంసకృత్తుల్లో ఉన్న లోటును తీర్చేది పప్పే, పప్పు లేని అన్నం సగం పనే చేస్తుంది. గుడ్డు ఒక్కటే 6 గ్రాములు ఇస్తుంది. గుడ్డులో నీళ్ళు కలపడం కుదరదు, సగం చేసి ఇద్దరికి ఇస్తే పిల్లలే గొడవ చేస్తారు, పాడైతే పెంకు తీయగానే వాసన పట్టిస్తుంది. ఎప్పటివో తెలియడానికి వాటి మీద రంగు ముద్ర వేసి పంపే పద్ధతి కూడా పెట్టారు. వారానికి ఐదు గుడ్లు అనే నిర్ణయం ఈ రాష్ట్రం తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. భోజనం అయ్యాక గుడ్డును జేబులో వేసుకుని ఇంటికి పోయే పిల్లలు ప్రతి బడిలోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, ఇంట్లో అంగన్‌వాడీ వయసు చెల్లెలు ఉంటుంది. టీచర్లు చూసి చూడనట్టు ఊరుకుంటారు. అలా ఊరుకోవడమే మంచిది.

బియ్యం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఈ కొన్నేళ్ళుగా బడులకు పంపినవి ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపిన బియ్యం. పిండిలో ఈ పోషకాలు కలిపి, మళ్ళీ బియ్యపు గింజల్లా అచ్చుపోసి, వందకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఆ గింజలు కాస్త తేడా రంగులో ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. అవి ప్లాస్టిక్ బియ్యం అనే పుకారు ఇప్పటికీ పోలేదు. వంట చేసేవాళ్ళు జాగ్రత్తపరులు కాబట్టి తేలిన గింజల్ని నీళ్ళతో పాటు వంచేస్తారు, పిల్లల ప్లేట్లో ఎక్కడైనా కనపడితే ఏరి పారేస్తారు. ప్రభుత్వం డబ్బు పెట్టి కలిపించిన ఐరన్ బడి తూములోంచి పోతోంది. వంటవాళ్ళను ఒక పూట కూర్చోబెట్టి, ఆ గింజ చేతిలో పెట్టి, ఇది ఇదీ, రెండుసార్ల కంటే ఎక్కువ కడగొద్దు, గంజి వార్చొద్దు అని చెబితే చాలు. ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే పక్కన సి విటమిన్ ఉన్నది ఏదైనా ఉండాలన్నది కూడా అంతే, ఒక నిమ్మచెక్క, జామకాయ ముక్క, ఉసిరికాయ తురుము ఏదో ఒకటి. మన ఊళ్ళలో ఇవి డబ్బు పెట్టి కొనాల్సినవి కూడా కావు. బడి ఆవరణలో ఒక మునగచెట్టు, ఒక నిమ్మచెట్టు, ఒక కరివేపాకు చెట్టు ఉంటే వంటశాలకు ఏడాదంతా కలిసొస్తుంది. బడితోటలు పెంచమని పథకంలో కూడా ఉంది, నీళ్ళు ఎవరు పోయాలన్న దగ్గరే ఆగిపోతుంది.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పెద్దవాళ్ళు సంగటి తిని బతికినవాళ్ళు. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, అనపగింజల పులుసు, పితికిపప్పు, ఇవి పేదవాళ్ళ తిండి అని ఒక తరం నామోషీ పడి సన్నబియ్యానికి మారింది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లో కూడా లేదు. 2023 మార్చిలో బడుల్లో రాగిజావ మొదలుపెట్టడం అందుకే సరైన పని. చిక్కీలో వేసే చెనక్కాయలు, బెల్లం రెండూ ఇక్కడి పంటలే, చిత్తూరు బెల్లం మండీ పేరు దూరదూరాలకు తెలుసు. అయినా ఎక్కడో ప్యాక్ చేసి లారీల్లో తెచ్చిన చిక్కీ ఇక్కడి పిల్లల చేతికి వస్తోంది, వేసవి దగ్గరపడేకొద్దీ కరిగి కాగితానికి అతుక్కునీ వస్తోంది. అదే పని ఊళ్ళో మహిళా సంఘాలకు ఇచ్చి, నాణ్యత చూసే ఏర్పాటు ఒకటి గట్టిగా పెడితే రైతుకూ, సంఘానికీ, పిల్లలకూ మేలే. ప్రాంతాన్ని బట్టి మెనూ మార్చాలని ఇప్పుడు రాష్ట్రం కూడా జోన్ల పద్ధతి తెచ్చింది. ఆ మార్పు రాయలసీమలో అనపగింజల దాకా, సంగటి దాకా రావాలి.

తిరుపతి టౌన్లో పరిస్థితి వేరు. చాలా బడుల్లో వంటగదికి చోటు లేదు, కాబట్టి ఒకేచోట వండి వ్యాన్లలో పంపే పద్ధతి వైపు మొగ్గుతారు. పెద్ద వంటశాలల్లో శుభ్రత బాగుంటుంది, పాత్రలు ఆవిరితో కడుగుతారు, తూకం పక్కాగా ఉంటుంది. కానీ తెల్లవారుజామున వండింది మధ్యాహ్నం పన్నెండున్నరకు ప్లేట్లోకి వచ్చేసరికి అన్నం ముద్దయిపోతుంది, సాంబారు చల్లారిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండే సంస్థలు కూడా ఉన్నాయి, వాళ్ళ నియమం వాళ్ళది, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు గానీ రాయలసీమ పిల్లాడికి ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేని కూర నోటికి ఎక్కదు. ఎక్కని కూర బకెట్‌లోకి పోతుంది. ఎంతమంది తిన్నారో యాప్ అడుగుతుంది. ఎంత పారబోశారో అడగదు, అడగాల్సింది అది. బడిలోనే వండితే ఉప్పు తక్కువైందని పిల్లలే వంటగది గుమ్మంలోకి వెళ్ళి చెబుతారు, రేపటికి సరవుతుంది, వ్యాన్ డ్రైవర్‌కు చెప్పి ఏం లాభం?

వేల మందికి వేళకు అన్నం పెట్టడం ఎలాగో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో ఎన్టీఆర్ హయాంలో రోజుకు 2 వేల మందితో మొదలై ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లయింది. తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన ఆ అన్నప్రసాద భవనంలో ఏ పూట పప్పు పలచబడిందన్నా అది పెద్ద వార్త అవుతుంది. అక్కడ ట్రస్టు ఉంది, దాతల డిపాజిట్లు ఉన్నాయి, సరుకు ముందే గోదాముకు చేరుతుంది, వండేవాళ్ళు కిరాణా కొట్లో అప్పు చెప్పి పప్పు తేవాల్సిన అవసరం లేదు. బడికి కూడా నెల మొదట్లోనే డబ్బు ఖాతాలో వేసి, వాడిన దానికి నెలాఖరున లెక్క అడగొచ్చు. సరుకు ముందు, లెక్క తర్వాత. ఈ ఒక్క వరస మారితే రేటు పెంచకుండానే పప్పు కొంత చిక్కబడుతుంది, ఎందుకంటే నగదు పెట్టి కొనేవాళ్ళకు కొట్లో దొరికే ధర వేరు, సరుకు వేరు.

ఉచితంగా పెడితే ఉన్నవాళ్ళ పిల్లలు కూడా తింటారు గదా, లేనివాళ్ళకే పెట్టొచ్చు గదా అనే మాట అప్పుడప్పుడూ వినపడుతుంది. సర్కారు బడికి వచ్చే పిల్లల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది అన్నది అలా ఉంచితే, ఒకే వరసలో కూర్చున్న పిల్లల్లో నీది ఉచితం, నీది కాదు అని విడదీసిన రోజున ఉచితంగా తినేవాళ్ళు సిగ్గుపడి ప్లేటు తేవడం మానేస్తారు. అందరూ కలిసి తినడంలోనే ఈ పథకానికి బలం ఉంది. వంటవాళ్ళ నియామకంలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇందుకే. ఎవరు వండినా అందరూ పక్కపక్కన కూర్చుని తినే అలవాటు ఆరేళ్ళకే పడితే అది పాఠంలో చెప్పేదాని కంటే బాగా నిలుస్తుంది.

ఇక పొద్దున పూట. తిరుపతిలో లాడ్జి గదులు ఊడ్చేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, బస్టాండు దగ్గర బండ్లు పెట్టుకునేవాళ్ళు తెల్లవారకముందే ఇల్లు వదులుతారు. కుప్పం నుంచి చీకటితోనే రైలెక్కి బెంగళూరు కూలికి పోయేవాళ్ళు ఉన్నారు. ఆ ఇళ్ళల్లో పిల్లాడు తనే లేచి, మొహం కడుక్కుని, రాత్రి మిగిలింది ఉంటే తిని, లేకపోతే అలాగే బడికి వస్తాడు. పొద్దున టిఫిన్ కూడా పెట్టాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. తమిళనాడు 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలుపెట్టి, 2023 ఆగస్టు 25 నుంచి సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ ఇచ్చింది, ఉప్మా, కిచిడీ, పొంగలి, పక్కన సాంబారు. గుడిపాల నుంచి చూస్తే తమిళనాడు హద్దు ఎంతో దూరం లేదు. అటువైపు పిల్లాడు టిఫిన్ తిని పుస్తకం తెరుస్తున్నాడు. ఇటువైపు పిల్లాడికి జావ ఉన్న రోజున ఒక గ్లాసు జావ, లేని రోజున పన్నెండున్నర దాకా ఏమీ లేదు. రెండో పీరియడ్‌లో పుస్తకం మీద తల వాల్చేసే పిల్లలు ఎవరెవరో ప్రతి టీచరుకూ పేర్లతో సహా తెలుసు.